పాలిష్ కొట్టించే ముందు గుడ్డ మార్చండి

మా కారు నల్లరంగు. 2019లో కొన్నాం. మూడేళ్లు గడిచాక ఒక ఆదివారం పొద్దున్నే అరసవల్లి వెళ్లాం. దర్శనం అయ్యి బయటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఎండ ఏటవాలుగా వచ్చి నేరుగా బానెట్ మీద పడుతోంది. తలుపు తీయబోతూ ఆగిపోయాను. బానెట్‌లో కనబడుతున్న సూర్యుడి బింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు వందల కొద్దీ సన్నని గీతలు. వెంట్రుక కంటే సన్నవి. నేను పక్కకి జరిగితే బింబంతో పాటు ఆ గూడు కూడా జరిగింది. ఇంటి దగ్గర పోర్టికో నీడలో అద్దంలా మెరిసే కారే అది.

వీటిని స్విర్ల్ మార్క్స్ అంటారు. పేరులో సుడి ఉంది గానీ గీతలు సుడి తిరిగి ఉండవు. అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. వాటిలో వెలుతురు దారికి అడ్డంగా ఉన్నవి మాత్రమే మన కంటికి మెరుస్తాయి, మిగతావి అక్కడే ఉన్నా కనబడవు. అందుకే బింబం చుట్టూ గుండ్రంగా పేర్చినట్టు అనిపిస్తాయి. నమ్మకం కలగకపోతే వంటింట్లోకి వెళ్లి, ఏళ్ల తరబడి పీచుతో తోమిన స్టీలు కంచం ఒకటి తీసి బల్బు కింద పట్టుకోండి. బల్బు బింబం చుట్టూ అవే వలయాలు కనిపిస్తాయి. కంచాన్ని తిప్పినా వలయాలు బల్బు బింబాన్నే పట్టుకుని ఉంటాయి.

కంచాన్ని పీచుతో తోముతాం కాబట్టి అక్కడ ఆశ్చర్యం లేదు. మరి కారుని ఎవరు తోమారు? ఈ ప్రశ్నకి జవాబు మా ఇంట్లోనే ఉంది. అది ఒప్పుకోవడానికే నాకు చాలా రోజులు పట్టింది.

నాన్న రోజూ ఆరింటికి లేచి, పాలపాకెట్లు తెచ్చి, కాఫీ తాగి కారు దగ్గరికి వెళ్తాడు. ఆయన కట్టి కట్టి పల్చబడిన పొందూరు పంచె ఒకటి నాలుగు మడతలు పెట్టి, కారంతా పొడిగా తుడిచేవాడు. బానెట్ మీద మొదలుపెట్టి, టాపు, తలుపులు, డిక్కీ, చివర్లో చక్రాల పక్కనున్న రేకు. ఒక్క రోజు మానలేదు. వానాకాలంలో కూడా గొడుగు కింద నిలబడి తుడిచేవాడు. ఆ మూడేళ్లూ మా వీధిలో అంత శుభ్రంగా ఉన్న కారు ఇంకొకటి లేదు.

ఈ గీతలు పొడిగుడ్డ వల్లే వస్తాయని చెప్పినప్పుడు నాన్నకి కోపం వచ్చింది. "పొందూరు పంచెరా ఇది. దీనికంటే మెత్తటి గుడ్డ ఎక్కడుంటాది?" అన్నాడు. ఆ మాట నిజమే. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, శుభ్రం చేసి నూలు వడికే ఊరు పొందూరు. ఆ బట్ట మెత్తదనానికి నేను వంక పెట్టలేను. గుడ్డకీ రంగుకీ మధ్య ఏముందన్నదే నా బాధ.

మన శ్రీకాకుళంలో దుమ్ము అంటే చాలావరకు ఇసుకే. నాగావళి, వంశధారల ఇసుక లారీల మీద, ట్రాక్టర్ల మీద ఊరంతా తిరుగుతుంది. హైవే ఎక్కితే ముందు వెళ్లే బండి నుంచి మన మీదికే రాలుతుంది. టెక్కలి వైపు వెళ్లి వస్తే రాతిపొడి అదనం. నది ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ కొలతలో దానికి 7. కిటికీ అద్దం ఐదున్నర దగ్గర ఉంటుంది. అద్దాన్నే గీయగల రేణువుని గుడ్డ కింద పెట్టి, అరచేత్తో నొక్కి, కారంతా తిప్పుతున్నామన్నమాట. గుడ్డ ఎంత మెత్తగా ఉన్నా రేణువు అందులో కూరుకుని, జారిపోకుండా నిలబడి గీస్తుంది. ఒకరోజు పంచె మడత విప్పి తెల్లకాగితం మీద దులిపాను. చిటికెడు ఇసుక రాలింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. వేలితో ఆ రేణువుల్ని కాగితం మీద రాసి చూశాడు, గరగరమంది. ఏమీ అనలేదు, పంచె తీసుకెళ్లి దండెం మీద వేసేశాడు.

ఆ తర్వాత నేను చేసిన పొరపాటు పెద్దది. గీతలు పడ్డాయి కాబట్టి పాలిష్ కొట్టించేద్దామని ఊళ్లో ఒక షాపుకి తీసుకెళ్లాను. రబ్బింగ్ పాలిష్ అన్నారు, మూడు గంటల పని అన్నారు. ఒక కుర్రాడు గ్రైండర్ లాంటి మెషీన్‌కి ఉన్ని ప్యాడ్ తగిలించి, బానెట్ మీద కాంపౌండ్ అనే గరుకు పాలిష్ మందు ఒంపి, మధ్యాహ్నం ఎండలోనే మొదలుపెట్టాడు. ఉన్ని ప్యాడ్‌కి నలుపు అంటుకోవడం చూశాను. మురికి వదులుతోంది కాబోలని సంతోషించాను కూడా. సాయంత్రం కారు ఇచ్చినప్పుడు కొత్తదానికంటే బాగుంది. నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

నాలుగోసారి కడిగాక పాత గీతలు తిరిగొచ్చాయి. అవి అసలు పోనేలేదు. పాలిష్ చివర్లో రాసే నూనె, మైనం లాంటి పదార్థం గీతల్లో నిండి వాటిని కప్పేసింది. షాంపూ నీళ్లకి అది కొట్టుకుపోగానే కింద ఉన్నది బయటపడింది. వాటికి తోడు కొత్తవి కూడా చేరాయి. వీధి దీపం కింద చూస్తే మెషీన్ తిరిగిన దారి పొడవునా పొగలా, నెమలి ఈకలా మెరిసే చారలు. వీటిని హోలోగ్రామ్స్ అంటారు. ఇక బానెట్ కుడి అంచున బొటనవేలంత మేర రంగు మసకబారి, మెరుపు లేకుండా చప్పగా ఉండిపోయింది. ఎన్నిసార్లు తుడిచినా ఆ చోట మెరవదు.

ఆ కుర్రాడిని నేను తప్పుపట్టను. చేతికి ఒకే ప్యాడ్ ఇచ్చి రోజుకి ఇన్ని బళ్లు పూర్తి చేయమంటే ఎవరైనా అదే చేస్తారు. నాకు కష్టంగా అనిపించేది, ఇక్కడ పాలిష్ అంటే ఏమిటో అమ్మేవాళ్లూ చెప్పరు, కొనేవాళ్లూ అడగరు. పైన ఏదో పూస్తారనుకుంటాం. పాలిష్ పూత కాదు. అది చెక్కుడు. గీత లోతుగా ఉంది కాబట్టి దాని చుట్టూ ఉన్న మంచి పొరని కూడా ఆ లోతు వరకు అరగదీసి సమం చేస్తారు. గీత తీయడమంటే రంగు మీది పొరని తీయడమే.

ఆ పొర ఎంతుందో తెలిస్తే మెషీన్ చూడగానే గుండె దడ పుడుతుంది. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక ప్రైమర్, దాని మీద మరో ప్రైమర్, తర్వాత రంగు, ఆ రంగు మీద పారదర్శకమైన క్లియర్ కోట్. ఫ్యాక్టరీలో వేసే ఈ పొరలన్నీ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. జిరాక్స్ తీసే ఏ4 కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు. కారు మొత్తం పెయింటు ఒక్క కాగితమంత, అందులో మన కంటికి మెరుపునిచ్చే క్లియర్ కోట్ సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే సగం కాగితం కూడా లేనట్టే. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగుని కాపాడే రసాయనాలు కూడా ఆ పొరలోనే ఉంటాయి. అది మరీ పల్చబడితే కొన్నేళ్లకి తెల్లగా పాలిపోయి పొరలు పొరలుగా లేచిపోతుంది. పాత కార్ల టాపుల మీద బొల్లి మచ్చల్లా కనిపించేది అదే. ఒకసారి లేచిందంటే ఏ పాలిష్‌కీ లొంగదు, మళ్లీ పెయింటు వేయించాల్సిందే.

మన జిల్లా వాళ్లకి ఇది ఒక పట్టాన ఎందుకు మింగుడుపడదో నేను చాలా ఆలోచించాను. రుద్దితే మెరుస్తుందన్నది మనకి కళ్లముందు కనిపించే నిజం. బుడితిలో ఇత్తడి చెంబుని రుద్ది రుద్ది మెరిపిస్తారు. ఇంట్లో అమ్మ చింతపండు పెట్టి తోమితే కుందులు బంగారంలా వస్తాయి. టెక్కలి నీలిరంగు గ్రానైటు అయితే మరీను. గరుకు రాయితో మొదలుపెట్టి, అంతకంటే సన్నది, ఇంకా సన్నది అంటూ వరసగా మార్చుకుంటూ పోతే చివరికి మొహం కనిపిస్తుంది. కారు పాలిష్ సూత్రం కూడా అచ్చంగా ఇదే, వరస కూడా ఇదే. తేడా అంతా మందంలో ఉంది. రెండు సెంటీమీటర్ల బండలో నాలుగు వెంట్రుకలంత అరిగితే ఎవరికీ లెక్కలేదు. ఇత్తడి ఎంత అరిగినా కింద మళ్లీ ఇత్తడే వస్తుంది. కారులో సగం కాగితం అరిగితే కింద వేరే పదార్థం వచ్చేస్తుంది.

ఇదంతా నాకు వివరంగా చెప్పింది మా బావమరిది. విశాఖపట్నంలో కార్ల పెయింటింగ్ పని చేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు మెషీన్ కూడా తెచ్చాడు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి కారు బయటికి తీసే పని లేదు. జనవరి చలి, పోర్టికో నీడ, రేకు చల్లగా ఉంది. బానెట్ అంచు చూడగానే అతను అడిగిన మొదటి మాట: "బావా, ఆ రోజు ప్యాడ్‌కి నలుపు అంటిందా?" అంటిందన్నాను. తల పట్టుకున్నాడు. క్లియర్ కోట్‌కి రంగు ఉండదు, అది అరిగితే ప్యాడ్ మీద తెల్లటి పొడే కనిపించాలి. నలుపు అంటిందంటే క్లియర్ కోట్ దాటి అసలు రంగులోకి వెళ్లిపోయారని. నేను మురికి అనుకుని సంతోషించింది మా కారు రంగుని చూసి.

అతని దగ్గర మందం కొలిచే చిన్న మీటరు ఉంది. బానెట్ మధ్యలో పెడితే 112 చూపించింది, ఎడమ పక్క 108, కాలిన అంచు దగ్గర 71. ఆ మీటరు అన్ని పొరల మొత్తం మాత్రమే చెబుతుంది, క్లియర్ కోట్ ఎంత మిగిలిందో విడిగా చెప్పదు. ప్లాస్టిక్ బంపర్ మీద అసలు పనిచేయదు. అయినా ఆ అంకె చూశాక మా ఇద్దరికీ చెయ్యి నెమ్మదించింది. అంచుల దగ్గర, బాడీ లైన్ల దగ్గర పొర పల్చగా ఉంటుంది, ప్యాడ్ ఒత్తిడి కూడా అక్కడే ఎక్కువ పడుతుంది. అందుకని ముందు వాటన్నిటికీ మాస్కింగ్ టేపు వేశాడు.

అంతకుముందే కారుని రెండుసార్లు కడిగాం. కడిగాక అరచేతికి పాలిథిన్ కవరు తొడుక్కుని బానెట్ మీద రాయమన్నాడు. శుభ్రంగా ఉందనుకున్న రేకు మీద సన్న రవ్వలా గరుకుగా తగిలింది. ఆ గరుకు, కడిగితే పోని దుమ్ము, తారు, ఇనుప రజను. దాన్ని క్లే అనే ముద్దతో, సబ్బునీళ్లు చల్లుకుంటూ, తేలిగ్గా జరిపి లాగేశాడు. అది ఉండగా పాలిష్ మొదలుపెడితే ఆ రజనుతోనే మళ్లీ గీసుకుంటాం.

తర్వాత టేపుతో రెండు జానల చదరం ఒకటి గీసి, "ముందు ఇక్కడ చూద్దాం. మెత్తటి ప్యాడ్‌తోనే పోతే కాంపౌండ్ జోలికి వెళ్లొద్దు" అన్నాడు. అతని మెషీన్ షాపులో వాడినలాంటిది కాదు. షాపుది ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది, వేడి అంతా ఒకే చోట పోగవుతుంది, అందుకే అంచులు కాలుతాయి, చారలు మిగులుతాయి. ఇది డ్యూయల్ యాక్షన్. తిరుగుతూనే పక్కలకి ఊగుతుంది, గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోతుంది. కొత్తవాళ్ల చేతిలో కూడా ప్రమాదం తక్కువ. ఫోమ్ ప్యాడ్ మీద సన్న పాలిష్ మందు శనగగింజంత చొప్పున నాలుగు చుక్కలు పెట్టాడు. మెషీన్ వేయకముందే ప్యాడ్‌ని రేకు మీద అద్ది మందుని పరిచాడు. ఇక నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ముందు నడిచిన దారిలో సగం మీదుగా వచ్చేలా, నత్త నడకలా నడిపాడు. తడి పల్చటి పొరలా మారి పారదర్శకంగా వచ్చేసరికి ఆపేశాడు.

నాకైతే అప్పుడే అద్దంలా కనబడింది. "ఆగు బావా, ఇది నూనె మెరుపు" అని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి చల్లి తుడిచాడు. నూనె, మైనం ఏమున్నా దాంతో పోతాయి, మిగిలిన గీతలు మిగిలినట్టు కనబడతాయి. టార్చి వేసి చూశాం. టేపుకి అటు పక్క సాలెగూడు, ఇటు పక్క ఒక్క వెలుగు చుక్క, దాని చుట్టూ నల్లటి నలుపు. రెండింటి మధ్య టేపు వెడల్పంత దూరం. నాన్న కూడా వచ్చి వంగి చూశాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. షాపు వాళ్లు ఈ ఒక్క తుడుపు తుడిచి నాకు చూపించి ఉంటే ఆ రోజే నిజం తెలిసేది. మీరు ఎక్కడ పాలిష్ చేయించినా డబ్బులిచ్చే ముందు ఇది అడగండి. ఆల్కహాల్‌తో తుడిచి ఎండలో చూపించమనండి.

ఆ రోజు సాయంత్రానికి బానెట్, రెండు తలుపులు పూర్తయ్యాయి. మర్నాడు మిగతాది. అక్కడక్కడా కొన్ని గీతలు వదిలేశాం. గోరు పెట్టి అడ్డంగా గీస్తే గోరు తట్టుకునే గీత చాలా లోతైనది. దాన్ని పూర్తిగా పోగొట్టాలంటే చుట్టూ అంత పొరా పోవాలి. ఆ గీతల అంచులు కాస్త గుండ్రపడితే చాలు, వెలుతురు చెదరడం తగ్గి కంటికి ఆనదు. మళ్లీ మీటరు పెట్టి చూస్తే బానెట్ మధ్యలో 110. అంటే ఆ మెరుపుకి రెండు మైక్రాన్లు ఖర్చయ్యాయి. ఏటా ఇలా చేయించుకుంటూ పోతే ఎన్నేళ్లు వస్తుందో ఎవరైనా లెక్కేసుకోవచ్చు.

నేను చెప్పాలనుకున్నది ఈ లెక్క గురించే. సంవత్సరానికోసారి పాలిష్ కొట్టిస్తే కారుని బాగా చూసుకుంటున్నట్టని మనలో చాలామందికి నమ్మకం. నా మటుకు అది కారుకి చేసే హాని. పాలిష్ ఒక్కసారి, నెమ్మదిగా, తెలిసినవాళ్ల చేత చేయించాలి. అంతకుముందే గీతలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టి ఆ అలవాటు ఆపాలి. అలవాటు మార్చకుండా పాలిష్ చేయిస్తే నెల తిరక్కుండా సాలెగూడు మళ్లీ వస్తుంది, పొర మాత్రం తిరిగి రాదు.

సిరామిక్ కోటింగ్ వేయిస్తే ఈ బాధే ఉండదని కొందరు అంటారు. ఆ పూతకి మంచి గుణాలు ఉన్నాయి. నీళ్లు నిలవవు, పక్షి రెట్ట త్వరగా పట్టదు, కడగడం సులువవుతుంది. కానీ అదీ మహా అయితే ఒకటి రెండు మైక్రాన్ల పొర. 9హెచ్ గట్టిదనం అని రాసి అమ్ముతారు. ఆ 9హెచ్ పెన్సిళ్ల గట్టిదనం కొలతలోది, ఖనిజాల కొలతలోది కాదు. 9హెచ్ పెన్సిల్ గీతని ఓర్చుకునే పూత క్వార్ట్జ్ ఇసుకని ఓర్చుకుంటుందన్న హామీ లేదు. పైగా గీతలు తీయకుండా దాన్ని వేస్తే ఆ గీతలు పూత కింద అలాగే ఉండిపోతాయి. నిజంగా గీతల్ని తన మీద వేసుకునేది పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అనే, రంగు మీద అతికించే మందపాటి ఫిల్మ్. అది 150 నుంచి 200 మైక్రాన్లు ఉంటుంది, ఖర్చు మాత్రం మామూలు ఇంటికి భారమే.

కారు నడపడానికి కదా, గీతలు పడితే పడనీ, ఇంత ఆలోచన ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు. గీతలతో వదిలేసిన కారు, ఏటా రబ్బింగ్ చేయించిన కారు కంటే ఎక్కువ కాలం బాగుంటుంది. పొర ఉంది కాబట్టి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒకసారి బాగుచేసుకోవచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో కారు తుడిచే పద్ధతి మారింది. పొడిగుడ్డ రంగుని తాకదు. దుమ్ము ఉంటే ఉండనిస్తాం. వారానికోసారి నీడలో, ముందుగా పైపుతో పైనుంచి కిందికి ధారగా నీళ్లు కొట్టి ఇసుకంతా జారిపోనిస్తాం. తర్వాతే షాంపూ. బకెట్లు రెండు, ఒకటి షాంపూ నీళ్లు, రెండోది గుడ్డ జాడించుకోవడానికి మంచినీళ్లు. తలుపు ఒకటి తుడిచాక ముందు మంచినీళ్లలో జాడించి ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. మొదటి వారం రెండో బకెట్ అడుగున తేరుకున్న ఇసుక చూస్తే, ఇన్నాళ్లూ అదంతా ఎక్కడికి పోయేదో అర్థమైంది. చక్రాలకీ, కింది భాగానికీ వేరే గుడ్డ. ఆరబెట్టేటప్పుడు పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలు రేకు మీద పరిచి, అద్ది ఎత్తేస్తాం, రుద్దం. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఎండలో వదిలేస్తే తెల్లటి మరకలు పడతాయి కాబట్టి ఆరబెట్టడం మానకూడదు. గుడ్డ నేల మీద పడితే, ఎంత దులిపినా, ఇక అది చక్రాలకే.

కవరు కూడా తీసేశాం. దుమ్ముపట్టిన కారు మీద కవరు వేసి గాలికి వదిలేస్తే అది రోజంతా రెపరెపలాడుతూ ఆ దుమ్ముతోనే రుద్దుతుంది. సముద్రం గాలి ఉన్న ఊళ్లో ఇది మరీ ఎక్కువ. కొత్త బండికి పూజ చేయించినప్పుడు కూడా బొట్లు పొడిగా రుద్ది తుడవకండి. అరసవల్లి గుడి బయట వారం రోజుల కారుని అలా రుద్దుతుంటే చూసి చెప్పకుండా ఉండలేకపోయాను. బొట్టు కాసేపు ఉంటే నష్టం లేదు. ఇంటికి వెళ్లాక నీళ్లతో నాననిచ్చి కడగండి.

నాన్న ఇప్పటికీ ఆరింటికి కారు దగ్గరికి వస్తాడు. చేతిలో పంచె ఉండదు. అద్దాలు మాత్రం తడిగుడ్డతో తుడుస్తాడు, చక్రాల్లో గాలి చూస్తాడు, బానెట్ మీద ఆకులు పడి ఉంటే ఒక్కొక్కటీ వేళ్లతో ఎత్తి పారేస్తాడు, తుడవకుండా. కనుమ నాటి పాలిష్ తర్వాత ఇంతవరకు మెషీన్ మళ్లీ పెట్టలేదు. కుడి అంచున కాలిన చోటు అలాగే ఉంది. అక్కడ రంగు వేయిస్తే కొత్త క్లియర్ కోట్ కలిసిపోవడానికి బానెట్ మొత్తానికి వేయాల్సి వస్తుందని బావమరిది అన్నాడు. మిగిలిన ఫ్యాక్టరీ పొరని దానికోసం గరుకు కాగితంతో రుద్దించడం నాకు ఇష్టం లేదు.